ఆవిరియంత్రము, అదృశ్యలోకము

ఆకాశమున ఆవిరియోడలు తేలుచుండును. లండన్ నగరపు పొగమంచులో ఇత్తడి చక్రములు తిరుగుచుండును. తలుపులు బిగించిన గదిలో ఒక రహస్యసంఘము కూడి చనిపోయినవారిని పిలుచుచుండగా, పక్కగదిలో ఒక శాస్త్రజ్ఞుడు ఎవ్వరును కనివిని యెరుగని యంత్రమునకు మరలు బిగించుచుండును. ఇంగ్లీషులో 'స్టీంపంక్' అను పేరుతో వెలువడుచున్న కల్పనాసాహిత్యమునందలి లోకమిది. ఆ మాటను 1987లో కె. డబ్ల్యు. జీటర్ అను అమెరికన్ రచయిత ఒక పత్రికకు వ్రాసిన లేఖలో, సగము పరిహాసముగా, వాడెను. తరువాత అది నవలలను దాటి చలనచిత్రములకు, కంప్యూటరు ఆటలకు వ్యాపించినది. ఆ దారిని తెలుగు విద్యార్థులకును ఈ లోకము పరిచితమైనది.

ఇట్టి కథలను చూచి ఉపాధ్యాయులలో కొందరు పెదవి విరుచుట కలదు. ఆవిరియంత్రమునకును ప్రేతాత్మకును పొత్తెట్లు కుదురునని వారి ఆక్షేపణ. పాఠ్యపుస్తకమును బట్టి చూచిన ఆ ఆక్షేపణ సమంజసమే. వాట్ యంత్రమును బాగుచేసెను; స్టీఫెన్సన్ రైలును నడిపెను; యంత్రము వచ్చిన త్రోవనే మూఢవిశ్వాసము వెడలిపోయెను. ఇది పాఠ్యపుస్తకపు వరుస. జరిగినది వేరు. విక్టోరియా రాణి ఏలిన కాలమున, అనగా 1837 నుండి 1901 వరకు, యంత్రమును మంత్రమును ఒకే యింట కాపురము చేసెను. ఈ విషయమున నవలాకారుల కల్పన పాఠ్యపుస్తకముకంటె సత్యమునకు దగ్గరగా నున్నది.

చార్లెస్ బాబేజ్ జీవితమునే తీసికొనవచ్చును. గణితపట్టికలను తప్పులేకుండ లెక్కించి అచ్చువేయు యంత్రమును నిర్మింపబూని ఆయన 1823లో బ్రిటిష్ ప్రభుత్వపు ధనసాహాయ్యము పొందెను. సుమారు 17,000 పౌనులు వ్యయమైన పిమ్మట 1842లో ప్రభుత్వము చేతులు దులుపుకొన్నది. ఆ యంత్రము ఆనాడే పూర్తియై యుండినచో లోకమెట్లుండెడిదో ఊహించి విలియం గిబ్సన్, బ్రూస్ స్టెర్లింగ్ అనువారు 1990లో ఒక నవల వ్రాసిరి. మరుసటి యేడే లండన్ సైన్స్ మ్యూజియమువారు బాబేజ్ గీచియుంచిన రెండవ యంత్రపు పటములను బట్టి లెక్కించు భాగమును నిర్మించి చూపిరి. అది చక్కగా లెక్కలు కట్టినది. ఈ బాబేజే బాల్యమున, సైతాను నిజముగా ఉన్నాడో లేడో తేల్చుకొనవలెనని, ఒంటరిగా ఒక గదిలో చేరి నేలపై నెత్తుటితో వలయము గీచి వానిని పిలిచి చూచెనట. 1864లో వెలువడిన స్వీయచరిత్రలో ఆయనయే ఈ ముచ్చట చెప్పినాడు. సైతాను రాలేదు. బాలుడు భయపడిన మాట నిజమే. అయినను పిలిచి, వేచి, ఏమి జరుగునో కనిపెట్టి చూచుటలో ముందునాటి శాస్త్రజ్ఞుడు అప్పుడే కన్పట్టుచున్నాడు.

ఆ కాలపు రచయితల ఊహయు తక్కువది కాదు. ఫ్రెంచి నవలాకారుడు జూల్స్ వెర్న్ 1880లో ప్రకటించిన ఒక నవలలో ఉక్కుతో చేసిన ఆవిరియేనుగు రెండు చక్రాల యిండ్లను లాగికొనుచు కలకత్తా నుండి బయలుదేరి ఉత్తరహిందూస్థానమంతయు తిరుగును. తొండమునుండి పొగ విడుచు ఆ యేనుగు నేటి స్టీంపంక్ యంత్రములన్నిటికిని తాతవంటిది. యూరోపియన్ పాఠకులకు వింత కావలసినపుడెల్ల హిందూదేశము గుర్తుకు వచ్చుచుండెడిది. ఆ సమయముననే వింతలు వారి సొంత చావళ్ళలో బల్లలచుట్టు జరుగుచుండెను.

ఆ వింతలకు తంతియే దారి తీసినది. 1844లో సామ్యూల్ మోర్స్ వాషింగ్టన్ నుండి బాల్టిమోరుకు తంతివార్త పంపెను. నాలుగేండ్లు నిండకమునుపే, 1848 మార్చిలో, న్యూయార్కు రాష్ట్రమున హైడ్స్‌విల్ అను పల్లెలో ఫాక్స్ అను ఇంటిపేరుగల అక్కచెల్లెండ్రు ఉన్నచోట టకటకమను చప్పుళ్ళు వినవచ్చినవి. ప్రశ్న వేసిన చప్పుడు బదులు చెప్పెడిది. ఇది మృతులు పంపు తంతివార్తయని జనులు నమ్మిరి. 1852లో న్యూయార్కున వెలువడిన ప్రేతవాద పత్రిక పేరే 'స్పిరిచువల్ టెలిగ్రాఫ్'. కంటికి కనబడని విద్యుత్తు వందల మైళ్ళ దూరమున ఉన్నవాని మాటను మోసికొని రాగలిగినప్పుడు, పరలోకమునుండి మాట వచ్చుట మాత్రమేల అసాధ్యము? ఇది శాస్త్రమెరుగని పామరుల తర్కము కాదు; శాస్త్రముయొక్క విజయమును చూచి, దాని పద్ధతిని చూడనివారి తర్కము. 1888లో ఆ అక్కచెల్లెండ్రలో ఒకరైన మార్గరెట్ న్యూయార్కులో రంగస్థలముపై నిలిచి, ఆ చప్పుళ్ళు తన కాలివ్రేళ్ళ కీళ్ళవని ఒప్పుకొనెను. మరుసటి యేడు ఆ ఒప్పుదలను తానే వెనుకకు తీసికొనెను. అప్పటికి నలువదియేండ్లుగా ప్రేతవాదము సముద్రములు దాటి వేళ్ళూనియున్నది.

1853 నాటికి ఇంగ్లండులో బల్లలు త్రిప్పుట ఒక ఉన్మాదమైనది. పలువురు బల్లచుట్టు కూర్చుండి అరచేతులానించి నిరీక్షింతురు. కొంతసేపటికి బల్ల కదలి తిరుగును. విద్యుత్తని కొందరు, అయస్కాంతశక్తియని కొందరు, ఆత్మలని కొందరు, సైతానని మతాచార్యులలో కొందరు. విద్యుత్తు మాట వచ్చుటచేత అందరి దృష్టియు మైకేల్ ఫారడే వైపు మరలినది. ఆయన కమ్మరివాని కుమారుడు. పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున పని నేర్చుకొనుచు, ఆ పుస్తకములే చదివి శాస్త్రజ్ఞుడైనవాడు. 1831లో అయస్కాంతమునుండి విద్యుత్తును పుట్టించి చూపిన ఆయన మాటకు ఎదురు లేదు. ఒక్క మాటతో కొట్టివేసియుండవచ్చును. ఆయన బల్లవద్దకు పోయెను.

ఫారడే ఎవ్వరిని దొంగ యనలేదు. తానెరిగిన నిజాయితీపరులనే, బల్లను త్రిప్పగలమని నమ్మినవారినే, పరీక్షకు కూర్చుండబెట్టెను. మొదట గాజు, మట్టి, అట్ట, కొయ్య మొదలగువానిని చేతులక్రింద ఉంచి చూచెను. వానివలన బల్ల తిరుగుటకు ఆటంకము కలుగలేదు. పిమ్మట నాలుగైదు అట్టముక్కలను ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ మెత్తని మైనమువంటి పదార్థపు ఉండలు పెట్టి అంటించెను. బలముగా లాగిన ఆ అట్టలు మెల్లమెల్లగా జారును. ఏ అట్ట ఎచట ఉండెనో తెలియుటకు పెన్సిలుతో గీత గీచెను. బల్ల తనంతట కదలినచో అడుగు అట్ట ముందు పోయి, చేతులు వెనుకబడవలెను. చేతులే నెట్టినచో పై అట్ట ముందుకు సాగవలెను. బల్ల తిరిగినది. చూడగా పై అట్టలు ముందుకు జరిగియున్నవి. చేతులు ముందు, బల్ల వెనుక.

అంతటితో ఆయన తృప్తిపడలేదు. రెండు పలకల నడుమ గాజుకడ్డీలను దొర్లునట్లు అమర్చి, రబ్బరు పట్టీలతో బంధించి, పలక ఏమాత్రము జరిగినను తెలియజేయునట్లు సన్నని గడ్డిపరకను సూచికగా నిలిపెను. సూచిక కనబడనంతవరకు చేతులు ప్రక్కకు నెట్టుచునే యుండెను. నెట్టుచున్నట్లు వారికే తెలియదు. సూచికను వారి కన్నులయెదుట ఉంచగానే నెట్టుట నిలిచిపోయినది, బల్లయు కదలలేదు. ఇందు మోసము లేదు. కోరిక కండరములోనికి దిగి, దాని యజమానికి తెలియకుండ పనిచేసినది. ఆ శతాబ్దపు ఘనయంత్రములలో ఈ గడ్డిపరకకు చోటు దొరకుట అరుదు. విలువలో అది వేనికిని తీసిపోదు.

1853 జూన్ 30వ తేదీన 'టైమ్స్' పత్రికలో ఫారడే లేఖ వెలువడెను. రెండుదినములకు 'అథీనియం'లో ప్రయోగవివరములు అచ్చయ్యెను. ఆ లేఖలో ఆయన చింత బల్లనుగూర్చి కాదు, బడినిగూర్చి. చదువుకొన్న ప్రజలు ఇట్టి స్థితిలో నుండిరనిన, వారికి చదువు చెప్పిన విధానముననే ఏదో ముఖ్యసూత్రము లోపించియుండవలెనని ఆయన వ్రాసెను. మరుసటి యేడు మే 6వ తేదీన రాయల్ ఇన్స్టిట్యూషనులో, విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ సమక్షమున, మానసికవిద్యనుగూర్చి ఉపన్యసించుచు, మనుష్యుడు తాను కోరిన విషయముననే తన్ను తాను అధికముగా వంచించుకొనునని హెచ్చరించెను.

ఆ హెచ్చరికను శాస్త్రజ్ఞులే లెక్కచేయలేదు. 1861లో థాలియమను మూలకమును కనుగొనిన విలియం క్రూక్స్ 1874లో ఫ్లారెన్స్ కుక్ అను యువతి పిలిచిన ఆత్మరూపమును ఛాయాచిత్రములు తీసి, నిజమని ప్రకటించెను. 1880లో మరియొక సభలో ప్రేక్షకుడొకడు 'ఆత్మ'ను పట్టుకొనగా అది ఫ్లారెన్స్ కుక్కే యని తేలినది. ఈ క్రూక్స్ పేరు మోయు గాజుగొట్టములతోడనే తరువాత ఎక్స్‌కిరణములకు, ఎలక్ట్రానుకు దారి యేర్పడినది. అంతటి పరికరకర్తయు సభలో చీకటిని, తెరను, కూర్చుండు ఏర్పాటును పాత్రధారిణి చేతిలోనే విడిచిపెట్టెను.

అమెరికాలో ఫిలడెల్ఫియా నివాసి జాన్ కీలీ యంత్రమునే తాంత్రికము చేసెను. స్వరములతోను ఈథరు కంపనములతోను నడచు మోటారును కనుగొంటినని చెప్పి, 1870 దశకమునుండి వాటాదారుల ధనముతో ప్రదర్శనలిచ్చుచు వచ్చెను. 1888లో వెలువడిన 'సీక్రెట్ డాక్ట్రిన్' గ్రంథమున మేడమ్ బ్లావట్స్కీ ఆయన శక్తిని ప్రస్తావించెను. 1898లో కీలీ మరణించెను. ఆయన కర్మశాల నేల త్రవ్వి చూడగా సుమారు 3 టన్నుల ఉక్కుగోళమును గాలిగొట్టములును బయటపడినవి. అదృశ్యశక్తి బిగించిన గాలియని పరిశీలకులు నిశ్చయించిరి. లండన్‌లో మాస్కలైన్ అను ఐంద్రజాలికుడు 1875లో పేకాడు బొమ్మను ప్రదర్శించినాడు; దానిని నడపినదియు గాలియే. అయితే మాస్కలైన్ దానిని ఇంద్రజాలమనియే చెప్పి టిక్కెట్లమ్మెను.

బ్లావట్స్కీ పేరు తెలుగువారికి దూరము కాదు. 1875లో న్యూయార్కున స్థాపితమైన దివ్యజ్ఞానసమాజము 1882లో మద్రాసు చెంతనున్న అడయారునకు తరలివచ్చినది. వేదాంతపండితుడును న్యాయవాదియునగు తల్లాప్రగడ సుబ్బారావు అందలి ప్రముఖులలో నొకడై, 1888లో వైదొలగెను. అడయారున ఒక కొయ్యబీరువాలో మహాత్ముల లేఖలు వెలయుచున్నవని ప్రసిద్ధి. అతీంద్రియ విషయములను పరీక్షించుటకు 1882లో లండనున ఏర్పడిన సంఘము రిచర్డ్ హాడ్జ్‌సన్‌ను పంపగా, అది మోసమని 1885లో ఆయన నివేదిక తేల్చినది. సమాజమువారు అంగీకరింపలేదు. 1986లో ఆ సంఘపు పత్రికయే హాడ్జ్‌సన్ విచారణవిధానమును తీవ్రముగా ఖండించు వ్యాసమును ప్రకటించినది. నూరేండ్లకైనను తమ నివేదికను తామే తిరిగి విచారణకు పెట్టుకొనుట అరుదైన పని.

కావున ఆవిరియోడల కథలను బడిలో నిషేధింపబనిలేదు. విద్యార్థికి అవి ఆనందమును, ఆ యుగపు మనఃస్థితిని ఒక్కసారిగా ఇచ్చును. అయితే వానిలో ఆత్మలు నిజముగానే వచ్చును. గడ్డిపరక సూచిక ఎచ్చటను కానరాదు. ఆ భాగమును చెప్పవలసినవాడు విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు. తీగలేని మాటయు, మాటలాడు యంత్రమును చేతిలో పెట్టుకొని తిరుగు నేటి విద్యార్థి తంతిని చూచి మురిసిన 1848 నాటి గృహస్థునికంటె ఎక్కువ జాగరూకుడని యనుకొనుటకు ఆధారము లేదు.

ఫారడే ప్రయోగమునకు కావలసిన సామగ్రి ఏ ఉన్నతపాఠశాలలోనైనను దొరకును: నాలుగు అట్టముక్కలు, కొంచెము మెత్తని మైనము, పెన్సిలు, తేలికయైన బల్ల, దానిని త్రిప్పగలమని నమ్ము నలుగురు విద్యార్థులు. అట్టల పరీక్ష ముగిసిన పిమ్మట గడ్డిపరకను అమర్చి, మొదట అది కూర్చున్నవారికి కనబడకుండ ఉంచవలెను. తరువాతనే వారివైపు త్రిప్పవలెను. ఈ వరుస మారరాదు.