ఢిల్లీకి పోవు కుమార్తెలు

వేసవి వచ్చినదనగా ఆవకాయ జాడీలు, చుట్టముల రాకపోకలు మనకు జ్ఞప్తికి వచ్చును. అట్టి తరుణమున, బి.ఏ. పరీక్ష ముగించిన కుమార్తె ‘రెండు నెలలు ఢిల్లీలో విదేశాంగశాఖ పని నేర్చుకొందు’ననినచో తల్లి గుండె ఝల్లుమనుట సహజము. కాని ఆ పని యెట్టిదో తెలిసికొనకయే వలదనుట తగదని మా యభిప్రాయము.

మన ప్రభుత్వము 1964వ సంవత్సరమునుండి ఐటెక్ అను పథకముక్రింద పరదేశీయులకు శిక్షణ మిప్పించుచున్నది. ఇతర దేశములకు చేయు సహాయమును నిర్వహించుటకు 2012లో విదేశాంగశాఖయందు ప్రత్యేక విభాగమేర్పడినది. శ్రీలంకలో యుద్ధమువలన నిలువనీడ కోల్పోయినవారికిని, తేయాకు తోటల కూలీలకును తలపెట్టిన 50,000 ఇండ్ల నిర్మాణ మిట్టి సహాయమే. రాజస్థానమందలి తిలోనియా గ్రామమున ఆఫ్రికా పల్లెల అవ్వలు, చదువు రానివారు సైతము, ఆరు నెలలుండి సూర్యరశ్మితో దీపములు వెలిగించు విద్య నేర్చి తమ యూళ్లకు మరలిరి.

ఇట్టి కార్యములు నడపు శాఖలో పని నేర్చుకొనుటనే ఇంటర్న్‌షిప్పు అందురు. 2022లో ప్రకటించిన నియమముల ప్రకారము, 25 ఏండ్లు మించని పట్టభద్రులు దీని కర్హులు. గడువు ఒకటినుండి మూడు నెలలు. నెలకు 10,000 రూపాయల భృతియు, ఢిల్లీకి రానుపోను విమానపు ఖర్చును ఇత్తురు. నూటికి ముప్పదిమంది స్త్రీలుండునట్లు యత్నింతురు. విషయసేకరణము చేయుట, నివేదికలు వ్రాయుట పని. ఉద్యోగ మిత్తుమను హామీ లేదు. ఏటేట వెలువడు ప్రకటనను మాత్రము జాగ్రత్తగా చదువుకొనవలెను.

చిక్కంతయు బసలోనున్నది. దాని నెవరికి వారే చూచుకొనవలెను. ఆ భృతితో ఢిల్లీలో గదియద్దె, భోజనము గడచుట కష్టము. కుమారునికైన నెట్లో సర్దుదుము, కుమార్తెకనగానే ‘ఇప్పుడెందుకు?’ అందుము. ఢిల్లీలో బంధువులున్న పిల్లలే పోగలిగినచో, స్త్రీలకని తలపెట్టిన స్థానములు కలవారి బిడ్డలకే దక్కును.

కావున మన రెండు రాష్ట్రముల ప్రభుత్వములును ఢిల్లీయందలి తమ భవనములలో ఇట్టి బాలికలకు కొన్ని గదులు కేటాయింపవలెనని కోరుచున్నాము. ఢిల్లీలోని తెలుగు మహిళలును వీరికి తోడునీడగా నుండవలెను. తల్లులకు మేము చేయు మనవి యొక్కటే. సముద్రము దాటి తిలోనియాకు వచ్చిన ఆ యవ్వల యింటివారును పంపుటకు జంకియే యుందురు, జంకుచునే పంపిరి. మీరును మీ బిడ్డను దరఖాస్తు వ్రాసికొననిండు.