గది ఖాళీ చేశాక మిగిలే విషం

మోటెల్ గదిలో మెత్ అనే మత్తుమందు తయారుచేసినవాడు తెల్లారకముందే జారుకుంటాడు. ఆ తర్వాత తలుపు తీసేది గదులు శుభ్రం చేసే మనిషి. చేతులకు పల్చటి తొడుగులు, తోపుడు బండిలో నాలుగు దుప్పట్లు, రెండు సీసాల మందునీళ్లు. లోపల గాలిలో ఏం కలిసిందో ఆమెకు తెలియదు. ఈ దొంగ ల్యాబుల మీద అమెరికాలో చట్టాలు వచ్చాయి, దాడులు జరిగాయి, కోర్టులు తీర్పులిచ్చాయి. వాటన్నిటిలో ఆమె ఊసు చాలా తక్కువ. నా బాధ అదే.

హైవే పక్క చవక మోటెలే ఎందుకంటే, అక్కడ నగదు ఇస్తే గది దొరికేది, పక్కగదిలో ఎవరున్నారో ఎవరికీ పట్టదు. నిప్పంటుకుంటే కాలేది తన ఇల్లు కాదు. అన్నిటికన్నా ముఖ్యంగా చెత్తను అక్కడే వదిలేసి పోవచ్చు. ఒక పౌను మెత్ తయారైతే ఐదారు పౌన్ల విషవ్యర్థం మిగులుతుందని అక్కడి అధికారులు చెబుతుంటారు. ఆ ఆవిర్లు గోడల్లోకి, తివాచీలోకి, పరుపులోకి, ఏసీ గొట్టాల్లోకి ఇంకుతాయి. మర్నాడు ఆ గదిలో దిగే కుటుంబంలో నేలమీద పాకే బిడ్డ ఉండొచ్చు.

2004లో దేశం మొత్తమ్మీద ఇలాంటి ల్యాబులు, వాటి చెత్తకుప్పలు, సామగ్రి కలిపి 23 వేలకు పైగా బయటపడ్డాయి. మెత్‌కు అప్పట్లో ముడిసరుకు జలుబు మాత్రల్లోని సూడోఎఫిడ్రిన్. ఆ మాత్రలు కిరాణా కొట్టు అరల్లో అందరికీ అందుబాటులో ఉండేవి. ఓక్లహోమా రాష్ట్రం అదే ఏడాది వాటిని కౌంటరు వెనక్కి నెట్టింది. 2006లో కేంద్ర చట్టం వచ్చింది. ఒక మనిషికి రోజుకు 3.6 గ్రాములకు మించి అమ్మకూడదు, గుర్తింపు కార్డు చూడాలి, పుస్తకంలో సంతకం తీసుకోవాలి. ఓరెగాన్, మిసిసిపీ మరో అడుగు వేసి డాక్టరు చీటీ ఉంటేనే ఇమ్మన్నాయి. మధ్యలో, సోడా సీసాలో కొద్దికొద్దిగా చేసుకునే పద్ధతి పాకి ల్యాబులు మళ్లీ పెరిగినా, 2019 నాటికి లెక్క వెయ్యి లోపుకు దిగింది.

మత్తు మాత్రం తగ్గలేదు. మెక్సికో ముఠాలు వేరే రసాయనాలతో, ఫ్యాక్టరీ స్థాయిలో తయారుచేసి సరిహద్దు దాటించడం మొదలుపెట్టాయి. మెత్ ప్రధానంగా ఉన్న ఉత్తేజక మత్తుమందుల ప్రమేయంతో 2022లో అమెరికాలో 34 వేల మందికి పైగా చనిపోయారు. కాబట్టి గెలిచామనడానికి లేదు. అయినా మోటెల్ గదుల్లో పేలుళ్లు, ఒళ్లు కాలిన పిల్లలు తగ్గడం చిన్న సంగతేమీ కాదు. ముడిసరుకు దగ్గర బిగించిన చోట ఫలితం కనిపించింది.

చిన్న దుకాణదారు మీద, చవక గది యజమాని మీద పడిన చోట మాత్రం అన్యాయమే ఎక్కువ జరిగింది. 2005లో జార్జియా రాష్ట్ర వాయవ్య మూలన మెత్ ముడిసరుకు అమ్ముతున్నారంటూ 49 మంది కొట్ల యజమానులు, గుమాస్తాల మీద కేసులు పెట్టారు. వాళ్లలో 44 మంది భారతీయులు. పోలీసులు పంపిన మనుషులు మాత్రలు కొంటూ, మెత్ తయారీకేనని అక్కడి యాసలో సూచనగా అన్నారట. అరకొర ఇంగ్లీషుతో గల్లా దగ్గర కూర్చున్నవాడికి అది అర్థమయ్యే ఉంటుందని ప్రాసిక్యూషన్ వాదించింది. మనిషిని పొరబడి పెట్టిన కొన్ని కేసులను తర్వాత ఎత్తేయాల్సి వచ్చింది.

మసాచుసెట్స్‌లోని ట్యూక్స్‌బరీలో కాస్వెల్ మోటెల్ కథ ఇంకా ఘోరం. తండ్రి 1955లో కట్టిన మోటెల్‌ను రస్సెల్ కాస్వెల్ నడుపుతున్నాడు. పద్నాలుగేళ్లలో బయటపడిన పదిహేను మత్తుమందు ఘటనలు చూపించి, ఆస్తి మొత్తం జప్తు చేయబోయింది కేంద్ర ప్రభుత్వం. ఆయన మీద ఒక్క నేరారోపణ కూడా లేదు. జప్తయితే అమ్మిన సొమ్ములో 80 శాతం దాకా స్థానిక పోలీసులకు వెళ్లే ఏర్పాటు ఉంది. 2013లో కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. ఉచితంగా వాదించే సంస్థ దొరకకపోతే ఆ మోటెల్ మిగిలేది కాదు.

లాస్ ఏంజెలెస్‌లో పోలీసులు ఎప్పుడడిగితే అప్పుడు అతిథుల రిజిస్టరు చూపించాలి, లేదంటే జైలు అనే నిబంధన ఉండేది. పటేల్ అనే మోటెల్ యజమాని పోరాడితే, ముందు ఒక తటస్థ అధికారి ముందు అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాల్సిందేనని 2015లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. ఈ వ్యాపారంలో గుజరాతీలే ఎక్కువ. కానీ రాత్రంతా డెస్క్ దగ్గర మేలుకుని ఉండే తెలుగు పిల్లలూ ఉన్నారు. అర్ధరాత్రి తలుపు తట్టే పోలీసుకు జవాబు చెప్పాల్సింది వాళ్లే.

యజమానిని భయపెడితే ఏమవుతుంది? గదిలో ఘాటు వాసన వస్తే ఫోన్ చేయడు. గోడలకు రంగు వేయించి, పరుపు మార్చి, సాయంత్రానికి మళ్లీ అద్దెకిస్తాడు. శుద్ధి చేయించాలంటే వేల డాలర్లు. ఆ ఖర్చు చాలాసార్లు ఆయన నెత్తినే పడుతుంది. పోలీసులకూ ఇదే బాధ. ల్యాబులు ఎత్తివేయడానికి ఇచ్చే కేంద్ర నిధి 2011 ఫిబ్రవరిలో అయిపోయింది. దాంతో కొన్ని రాష్ట్రాల్లో నమోదయ్యే ల్యాబుల సంఖ్య పడిపోయింది. వెతికి పట్టుకుంటే ఖర్చు తమకు చుట్టుకుంటుందన్నప్పుడు వెతికేవాడెవడు? గది ఎంత శుభ్రమైతే చాలన్న దానిమీదా ఏకాభిప్రాయం లేదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాలు ఐచ్ఛికమే. వంద చదరపు సెంటీమీటర్లలో ఒక మైక్రోగ్రాము దాటకూడదని యూటా అంటే, ఒకటిన్నర దాకా ఫర్వాలేదని కాలిఫోర్నియా అంది. గది ఊడ్చే మనిషి ఊపిరితిత్తులకు రాష్ట్రాల సరిహద్దులు తెలియవు.

ఇదంతా మనకు దూరపు కబురేం కాదు. 2025 సెప్టెంబర్‌లో హైదరాబాద్ ఓల్డ్ బోయిన్‌పల్లిలో ఒక పాఠశాల భవనంలోనే అల్ప్రాజోలం అనే మత్తుమందు తయారీ సాగుతుంటే తెలంగాణ మాదకద్రవ్య నిరోధక విభాగం ‘ఈగల్’ పట్టుకుంది. ఆ సరుకు మహబూబ్‌నగర్ వైపు కల్లు దుకాణాలకు వెళ్లేదని పోలీసులు చెప్పారు. పిల్లలు పాఠాలు వినే కప్పు కిందే రసాయనాలు ఉడికాయి. మన మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్)లో 25వ సెక్షన్, తెలిసి చోటిచ్చిన యజమానిని శిక్షిస్తుంది. 52ఏ సెక్షన్, పట్టుబడ్డ సరుకును ఎలా వదిలించుకోవాలో చెబుతుంది. ఆ గోడల సంగతి, ఆ గాలి సంగతి రెండూ చెప్పవు.

దొంగ ల్యాబు బయటపడ్డ గదిని రసాయన పరీక్ష చేసి, ధ్రువపత్రం ఇచ్చాకే మళ్లీ వాడుకోనివ్వాలి. తానే ముందుకొచ్చి చెప్పిన యజమానిని కేసుల్లో ఇరికించకూడదు, శుద్ధి ఖర్చులో ప్రభుత్వం వాటా భరించాలి. అనుమానం ఉన్న గదిలోకి వెళ్లనని చెప్పిన పనిమనిషి కూలి కోయకూడదు. వీటికోసం ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. ప్రజారోగ్యం, స్థానిక పాలన రాష్ట్రాల పరిధిలోవి. లాడ్జీలకు, పాఠశాలలకు, షెడ్లకు అనుమతులిచ్చేవి మన మున్సిపాలిటీలూ మన శాఖలే. ఆ అనుమతి పత్రంలో ఈ షరతులు చేర్చే పని హైదరాబాద్, అమరావతి రేపే మొదలుపెట్టవచ్చు.