పడవ సరే, రేవేది?

అక్టోబరు వచ్చేసరికి అమెరికా తూర్పు తీరంలో పడవలున్నవాళ్లు రెండు జట్లవుతారు. ఒక జట్టు పడవను గట్టు మీదికి ఎత్తించి, ఇనుప స్టాండ్ల మీద నిలబెట్టిస్తుంది. ఇంజను గొట్టాల్లో గులాబీరంగు యాంటీఫ్రీజ్ పోయించి, పైనుంచి కిందిదాకా తెల్లటి ప్లాస్టిక్ చుట్టించి, ఎండలు ముదిరేదాకా దాని ఊసెత్తదు. ఇంజనులో మిగిలిన నీళ్లు గడ్డకడితే ఇనుప దిమ్మ కూడా పగిలిపోతుంది మరి. రెండో జట్టు ఆ డబ్బేదో డీజిలుకే పెడదామని మూటాముల్లె సర్దుకుని ఫ్లోరిడా దారి పడుతుంది. చలికి దక్షిణానికి వలసపోయే పిట్టల్లాంటి వాళ్లని వీళ్లకు స్నోబర్డ్స్ అని పేరు.

మేరీలాండ్‌లో ఉండే మా మేనల్లుడు రెండో జట్టులో చేరాడు. స్నేహితులతో వాటాలేసుకుని కొన్న పాత మోటారు బోటు వాళ్లది. అంత దూరం నీళ్ల మీద ఎలా వెళ్తారని నేను కంగారుపడితే, ‘దారిదేముంది మావయ్యా, గవర్నమెంటు ఎప్పుడో తవ్విపెట్టింది. వెళ్లాక కట్టేసుకోడానికే చోటు లేదు’ అన్నాడు. డబ్బున్నవాళ్ల సరదా కబురని వదిలేయొచ్చు. కానీ తీరప్రాంతాల రాజకీయమంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. వెయ్యి మైళ్ల దారి ప్రజలందరిదీ. చివరి నలభై అడుగులు మాత్రం డబ్బు పెట్టగలిగినవాడివి.

ముందు దారి సంగతి చూద్దాం. మోటారు బోటును ఫ్లోరిడా చేర్చడానికి మూడు మార్గాలు. లారీ మీద వేసుకుపోవచ్చు. అయితే వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు దాటితే ప్రతి రాష్ట్రంలోనూ ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. పైన స్టీరింగు గది ఉన్న పడవైతే వంతెనల కింద పట్టదు కాబట్టి ఆ భాగం ఊడదీయాలి. రెండోది బయటి సముద్రం. నార్త్ కరోలినాలో హాటెరాస్ అగ్రం దగ్గర వెచ్చటి గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహానికి ఉత్తరపు గాలి ఎదురొస్తే అలలు గోడల్లా లేస్తాయి. ఆ ప్రాంతానికి ‘అట్లాంటిక్ శ్మశానం’ అనే పేరు ఊరికే రాలేదు. అందుకే చిన్న పడవలవాళ్లు ఎక్కువమంది మూడో మార్గానికే మొగ్గుతారు. తీరానికి సమాంతరంగా లోపలినుంచే సాగే జలమార్గం అది. పేరు ఇంట్రాకోస్టల్ వాటర్‌వే.

వర్జీనియాలోని నార్‌ఫోక్ దగ్గర దాని సున్నా మైలు. అక్కడినుంచి మయామీకి సుమారు 1,090 మైళ్లు. నదులు, పర్రలు, ఉప్పుటేరులు, మధ్యమధ్య తవ్విన కాలువలు కలిపి అల్లిన దారి ఇది. గంటకు ఎనిమిది మైళ్ల నడకతో పగటిపూట మాత్రమే వెళ్తే మూడు నాలుగు వారాలు పడుతుంది. ఎత్తు తక్కువ వంతెన అడ్డొస్తే రేడియోలో వంతెన కాపలాదారును పిలవాలి. ఆయన గంట మోగించి, రోడ్డు మీద కార్లను ఆపి, వంతెన రెక్కలు పైకెత్తుతాడు. పడవ దాటేదాకా కార్లలోవాళ్లు కాచుకుని కూర్చోవాల్సిందే. జార్జియాలో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం ఏడెనిమిది అడుగులు మారుతుంది. సాయంత్రం తాడు బిగించి కట్టి పడుకుంటే తెల్లారేసరికి పడవ తాడుకు వేలాడాల్సిన పరిస్థితి. అందుకే అక్కడ నీటితోపాటు లేచి దిగే తేలే జెట్టీలే ఎక్కువ. ఫ్లోరిడాలో వేగానికి ఇంకో పగ్గం ఉంది. మానటీ అనే భారీ నీటి జంతువులు చలికాలంలో వెచ్చటి నీళ్లు వెతుక్కుంటూ ఊటల దగ్గరికీ విద్యుత్ కేంద్రాలు వేడినీళ్లు వదిలే చోట్లకీ చేరతాయి. పడవ పంకా తగిలి వాటి వీపులు చీరుకుపోతాయని ఆ చోట్ల పడవలను నత్తనడకన పొమ్మంటారు.

ఈ దారి ఆకాశంలోంచి ఊడిపడలేదు. 1808లో అప్పటి అమెరికా ఆర్థికమంత్రి ఆల్బర్ట్ గాలటిన్ రోడ్లు, కాలువలపై నివేదిక ఇస్తూ, తీరం వెంబడి లోపలి జలమార్గం ప్రభుత్వమే వేయాలని వాదించాడు. వర్జీనియా, నార్త్ కరోలినాల మధ్య డిస్మల్ స్వాంప్ కాలువ అప్పటికే నడుస్తోంది. దాన్ని చిత్తడిలో నడుంలోతు నీళ్లలో తవ్వింది బానిసలు. ఫ్లోరిడాలో కథ మరోలా నడిచింది. అక్కడ కాలువను తవ్వించింది ప్రైవేటు కంపెనీ. నీటికి అడ్డంగా ఇనుప గొలుసు కట్టి, సుంకం చేతిలో పడ్డాకే గొలుసు దించేవాళ్లు. లాభాలు అంతంతమాత్రం కావడంతో పూడిక తీసే దిక్కు కూడా లేకపోయింది. చివరికి 1927లో ఫ్లోరిడా శాసనసభ ప్రత్యేక సంస్థను ఏర్పాటుచేసింది. అది ఆ కాలువను కొని కేంద్రానికి అప్పగించింది. గొలుసులు పోయాయి. తీరపు కౌంటీల్లో ఆస్తిపన్ను మీద కొద్దిపాటి వాటా వసూలుచేసి, కాలువ నిర్వహణలో తన వంతు ఖర్చు భరిస్తూ, ప్రజల పడవ రేవులకు నిధులిస్తూ ఆ సంస్థ ఈనాటికీ పనిచేస్తోంది. కాలువ పక్కన స్థలం ఉన్నవాడికి ఆ కాలువవల్లే విలువ పెరిగింది కాబట్టి, కాలువ ఖర్చులో కొంత అతనే భరించాలన్నది అందులోని న్యాయం.

మనకిది కొత్త కథేం కాదు. మద్రాసు నుంచి ఎన్నూరు వైపు 1806లో బేసిల్ కాక్రేన్ అనే వ్యాపారి తవ్వించిన కాలువను 1837లో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. అది ఉత్తరాన పెదగంజాం దాకా పెరిగి, కరువు పనులతో మద్రాసు నగరంలోనూ కలిసి, బకింగ్‌హామ్ కాలువైంది. కొమ్మమూరు, ఏలూరు, కాకినాడ కాలువలతో కలుపుకుంటే కాకినాడ నుంచి పుదుచ్చేరి దగ్గరిదాకా సముద్రం ముఖం చూడకుండా పడవ వెళ్లేది. బియ్యం, ఉప్పు, కట్టెలు ఆ దారినే నడిచాయి. 2008లో దాన్ని నాలుగో జాతీయ జలమార్గమని ప్రకటించారు. ప్రకటన ఉంది. పడవ నడిచే లోతు మాత్రం చాలాచోట్ల లేదు. అమెరికా కాలువలోనూ కాగితం మీద చాలా దూరం 12 అడుగుల లోతు రాసిపెట్టి, నిధులు రాని ఏడాది ఇసుక మేటలు ముందు తలెత్తడం మామూలే.

ఇప్పుడు ఆ చివరి నలభై అడుగులకు వద్దాం. హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. చాలా బీమా కంపెనీలు నవంబరు వచ్చేదాకా పడవ ఫలానా గీత దాటి దక్షిణానికి దిగకూడదని షరతు పెడతాయి. అందువల్ల అందరూ ఒకేసారి బయల్దేరి, ఒకేసారి చేరి, ఒకే చోటు కోసం ఎగబడతారు. పడవలు కట్టుకునే రేవుకు, అంటే మెరీనాకి, ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న పేరు కాదు, పొడవు. అద్దె అడుగుల లెక్కన కాబట్టి. కంపెనీ పుస్తకంలో 34 అడుగులని రాసిన పడవకు వాళ్లు టేపు పట్టి, ముందు లంగరు వేలాడే కొమ్మునూ వెనక ఈతకు దిగే చెక్కనూ కలిపి 38 అని తేలుస్తారు. ఆ నాలుగు అడుగులకీ నెలనెలా కట్టుకోవాలి. ఆ తర్వాత వెడల్పెంత, నీటిలో మునిగే లోతెంత, కరెంటు 30 ఆంపులా 50 ఆంపులా, బీమా పత్రమేది, తుపానొస్తే పడవను ఎక్కడికి తీసుకుపోతావు అని వరసగా అడుగుతారు. పడవలోనే కాపురముంటానంటే సగం చోట్ల అక్కడే ఫోన్ పెట్టేస్తారు. తొంభై రోజులు దాటి ఉంటే ఫ్లోరిడాలో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

చిన్న మోటారు బోట్లకు ఇంకో వసతి ఉంది. పెద్ద షెడ్డులో ఇనుప అరలు కట్టి, ఫోర్క్‌లిఫ్టుతో పడవను నీళ్లలోంచి ఎత్తి నాలుగో వరసలో పెట్టేస్తారు. ఫోన్ చేస్తే మళ్లీ దించుతారు. స్థలం కలిసొచ్చే తెలివైన పద్ధతే. మరోపక్క జెట్టీలో ఒక్కో చోటును ఫ్లాటులా విడివిడిగా అమ్మేస్తున్న మెరీనాలున్నాయి. దానికి అపార్టుమెంటు పేరు కలిపి డాకోమినియం అంటున్నారు. ఒకప్పుడు పడవలు బాగుచేసే యార్డులున్న చోట భవనాలు లేచాయి. సముద్రం కనపడే బాల్కనీకి పలికే ధర పడవ కట్టే గుంజకు పలకదు కదా.

సరే, ఎవరి జెట్టీ వద్దు, నీళ్లలో లంగరేసుకుంటామంటే? నీళ్లు ప్రజలవే. అయినా ఒడ్డున మేడలున్నవాళ్లకు కిటికీ ఎదుట ఊరూపేరూ తెలియని పడవ రాత్రంతా ఊగుతుంటే కంటగింపు. 2016లో ఫ్లోరిడా చట్టం చేసి, మయామీ బీచ్ దీవుల మధ్య కొన్ని నీళ్లతో సహా పలుచోట్ల రాత్రిపూట లంగరు వేయకూడదని నిషేధించింది. నీటి దారిని నమ్ముకుని ఎదిగిన ఊళ్లే పడవలను పొమ్మంటున్నాయి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటే ఇదే.

అవతలివాళ్ల వాదనలో పస లేదనను. అడుగు పట్టి, యజమాని పత్తా లేక, డీజిలు కారుతూ మునిగిపోయిన పడవలు ఫ్లోరిడాకు నిజంగానే పెద్ద తలనొప్పి. వాటిని తీయించే ఖర్చు జనం నెత్తినే పడుతుంది. మరుగుదొడ్డి తొట్టెను నీళ్లలోకే వదిలేసే ప్రబుద్ధులూ ఉన్నారు. అయితే దానికి మందు నిషేధం కాదని అదే రాష్ట్రంలోని మారథాన్ పట్టణం నిరూపించింది. బూట్ కీ హార్బర్‌లో నగరపాలక సంస్థే నీటి అడుగున గట్టి పట్లు వేసి 226 పడవలు కట్టుకునే బోయాలు పెట్టింది. అద్దె అందరికీ తెలిసేలా ప్రకటిస్తారు. వరస పాటిస్తారు. మురుగు తీసే బోటు తానే పడవ దగ్గరికి వస్తుంది. ఒడ్డున స్నానపు గదులు, బట్టలుతికే యంత్రాలు, చిన్న పడవలు కట్టుకునే జెట్టీ ఉన్నాయి. చలికాలంలో అక్కడా చోటు కోసం జాబితా పెరుగుతుంది. కానీ ఆ జాబితాలో మేడ ఉన్నవాడూ పాత బోటువాడూ ఒకే వరసలో నిలబడాలి.

ఇదంతా మనకెందుకంటారా? మన నీళ్లు గడ్డకట్టవు, వెచ్చటి తీరం వెతుక్కుంటూ పోవలసిన పనీ లేదు. అయినా మనవాళ్లు పోతూనే ఉన్నారు. ఊరి ఒడ్డున సరైన జెట్టీ లేక, పెద్ద పడవ నిలిపే వీల్లేక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి పరాయి పడవల మీద పనిచేస్తున్నారు. అలా వెళ్లి 2018లో పాకిస్తాన్ చేతికి చిక్కినవాళ్లలో 20 మంది 2020 జనవరిలో గానీ వాఘా దాటి ఇల్లు చేరలేదు. ‘తండేల్’ సినిమాకు మూలం వాళ్ల కథే. ఇక విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో 2023 నవంబరు 19 రాత్రి ఒక పడవకు అంటుకున్న నిప్పు పక్కపక్కనే ఒరుసుకుని కట్టేసి ఉన్న పడవలన్నిటికీ పాకి, ముప్ఫైకి పైగా బోట్లు బూడిదయ్యాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం వస్తే మర పడవలన్నీ ఒక్కసారే ఒడ్డుకు చేరతాయి. అప్పుడు చోటు ఎంత ఇరుకో అక్కడ నిలబడి చూస్తే చాలు.

మన తీరంలోనూ కొత్త హార్బర్లు లేస్తున్నాయి. వాటి వెనకే విలాసపు పడవల మెరీనాలూ రాక మానవు. రానివ్వండి, తప్పులేదు. కానీ శంకుస్థాపన నాడే మూడు సంగతులు కాగితం మీద తేలాలి. ఎన్ని చోట్లు వేటపడవలకు, ఎన్ని దారిన పోయే పడవలకు, ఎన్ని డబ్బున్నవాళ్లకు. అద్దె ఎంత, వరస ఎవరు చూస్తారు. పూడిక తీసే ఖర్చుకు ఒడ్డున భూముల ధర పెరిగి బాగుపడ్డవాళ్ల వాటా ఎంత. ఫ్లోరిడా ఈ మూడో లెక్క 1927లోనే వేసుకుంది. మొదటి రెండూ వేసుకోకే ఇప్పుడు అవస్థపడుతోంది. మనం పడవల కొనుగోలుకు సబ్సిడీలు ప్రకటించే ఉత్సాహంలో సగం గుంజలు పాతడంలో చూపిస్తే, వేరావల్ రైలెక్కే మనుషులు కొంతమందైనా తగ్గుతారు.