రైతు యింటి టెలివిజనుకు వైఫై యవసరమా?

పత్తిబస్తాలు ఏనుమాముల మార్కెట్టుకు జేరి, చేతికి నాలుగు రూకలు వచ్చిన పిమ్మట మన వర్ధన్నపేట ప్రాంతమున పెక్కు గృహములకు క్రొత్త వస్తువులు వచ్చుట పరిపాటి. ఇటీవలి కాలమున నట్లు వచ్చు వస్తువులలో టెలివిజను ముఖ్యమైనది. ఇప్పుడు అమ్మబడు టెలివిజనులలో ననేకము ఇంటర్నెట్టును స్వయముగా గ్రహింపజాలు ‘స్మార్టు’ టెలివిజనులే. అయినను, మేము పొలముపని మీద వెళ్లిన యిండ్లలో పెక్కింట నది వైఫైతో కలుపబడక, కేవలము కేబులు ప్రసారములకే పరిమితమై యుండుట చూచితిమి. కారణ మడిగినచో కొందరు “కలుపజూచితిమి, కలియలేదు” అందురు, మరికొందరు “పిల్లలు చెడిపోవుదురు” అందురు, ఇంకను కొందరు “సేద్యము చేసికొనువారికి అది యెందుకు?” అందురు.

ఈ మూడు సమాధానములను మేము కొట్టిపారవేయము. కాని మా యభిప్రాయమును ముందే స్పష్టముగా జెప్పెదము: వైఫై యున్న ప్రతి రైతుగృహమున టెలివిజనును దానితో కలుపవలెను, కలుపు విధమును ఇంటివారే నేర్చుకొనవలెను, ఈ కార్యమున మన సంఘము చేయూత నీయవలెను.

ఏల యనగా, నేడు వ్యవసాయ సలహాలలో నధికభాగము ఫోనునకు వచ్చుచున్నది. ఆ ఫోను ఇంటియజమాని జేబులో నుండును. ఆయనతో మార్కెట్టుకు బోవును, మండలాఫీసుకు బోవును. చేనిలో కలుపు దీయువారు, పత్తి యేరువారు, మిరపకాయలు కోయువారు విశేషముగా స్త్రీలు. తెగులును మొదట కన్నులార చూచువారు వారే. తెగులు బొమ్మను చూడని వారును వారే. టెలివిజను అట్లుగాక నడిమింట నిలిచి యుండును. అది యెవ్వరి జేబునకును జెందదు.

ఈ యాలోచన క్రొత్తది కాదు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జులై 31 వరకు ‘సైట్’ అను ప్రయోగము మన దేశమున జరిగినది. అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహము ద్వారా, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు వ్యవసాయము, ఆరోగ్యము, విద్య మొదలగు విషయములపై కార్యక్రమములు ప్రసారము చేయబడినవి. వానిలో తెలుగు కార్యక్రమములును గలవు. ఊరికంతకు నొక్క టెలివిజను; దానిముందు స్త్రీపురుషులు, పిల్లలు కలిసి కూర్చుండిరి. నేడు ఇంటింట టెలివిజను గలదు, కాని కలిసి నేర్చుకొనుట తగ్గినది. చెప్పినది వినుటయే గాక, కావలసిన పాఠమును కావలసిన వేళ మరల మరల చూచు సౌకర్యము వైఫై కలిపిన టెలివిజనుకు గలదు. ఆ సౌకర్యము నాటివారికి లేకుండెను.

ఒక యింట జరిగిన సంగతిని చెప్పెదము. అందు మా తప్పును గలదు గనుక దాచము. ఆ యింటివారు వేసవిలో టెలివిజను కొనిరి. ఇంట వైఫై యున్నను టెలివిజనుకు కలియలేదు. మమ్మడుగగా, మేము రెండు నిమిషములు రిమోటు నొక్కిచూచి, “టెలివిజనులోనే దోషమున్నది, దుకాణమునకు గొనిపొండు” అంటిమి. వారు దానిని ఆటోలో వరంగల్లునకు గొనిపోయి, ఒక దినపు పని పోగొట్టుకొని, “బాగుగనే యున్నది” అను మాటతో తిరిగి తెచ్చుకొనిరి. అటుతరువాత దానిని కలుపు ప్రయత్నమే మానిరి.

బతుకమ్మ సెలవులకు ఇంటర్మీడియట్ చదువుచున్న వారి కుమార్తె వచ్చినది. ఆమె ఫోనును చేతబట్టి నడిమింటికి వచ్చి చూడగా, అచ్చట వైఫై గుర్తు ఒక్క గీతకు తగ్గినది. వెదకగా, రౌటరును ఎవరో భద్రముకొరకై ముందుగదిలోని ఇనుపబీరువాకు వెనుక దాచి యుంచిరి. దానిని దీసి గుమ్మముప్రక్క గూటిలో బెట్టినది. తరువాత పాస్‌వర్డు కుదురలేదు. వైఫై బిగించిన యతడు కాగితముపై నన్నియు చిన్నయక్షరములుగా వ్రాసి యిచ్చెను. నిజమునకు మొదటి యాంగ్లాక్షరము పెద్దది. దానిని సవరింపగానే టెలివిజను కలిసినది. మేము దోషమని పలికినది దోషమే కాదు.

ఆ సాయంకాలమే మేము వారింటికి బోయి, పత్తిలో గులాబీరంగు పురుగును గూర్చిన యొక పాఠమును తెరపై చూపించితిమి. పురుగు లోపల జేరి రేకులను దారములతో కట్టివేయగా విచ్చుకొనక ముడుచుకొనియుండు గుడ్డిపువ్వు తెరనిండ కనబడినది. ఇంటి యిల్లాలు చేతిలోని పని నాపి, “సారూ, ఈ పువ్వు నేను పదిహేను దినాల సంది చూస్తున్న. మబ్బుకు ముడుసుకున్నదనుకున్న” అనెను. ఆమె భర్త మాటాడలేదు. అదే బొమ్మ నెలదినములుగా నాతని ఫోనులో నున్నది.

ఆ పదిహేను దినముల నష్టమును మేము లెక్కగట్టలేదు. కాని గుడ్డిపూలను కనబడిన వెంటనే ఏరి నాశనము చేయుట, లింగాకర్షక బుట్టలు పెట్టి, వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 రెక్కలపురుగుల చొప్పున పడినచో మందుకొట్టుట నాలోచించుట అను పద్ధతి యంతయు వేళమీదనే ఆధారపడి యున్నది. వేళ దాటిన సలహా ఎండిన మడికి పెట్టిన నీరు వంటిది.

కావున కలుపు విధమును సంగ్రహముగా వ్రాయుచున్నాము. మొదట నిది యేమో తెలియవలెను. మన కోనారెడ్డి చెరువు నుపమానముగా దీసికొందము. బయటినుండి తీగద్వారా ఇంటికి వచ్చు ఇంటర్నెట్టు చెరువునీరు. రౌటరు తూము. రౌటరునుండి టెలివిజనుకు గాలిలో బోవు వైఫై పిల్లకాలువ. మడికి నీరు రానప్పుడు చెరువులో నీరే లేదా, పిల్లకాలువ తెగినదా యని మొదట చూతుము గదా! ఇచ్చటను అట్లే. ఫోనులోని మొబైల్ డేటాను ఆపి, దానిని అదే వైఫైకి కలిపి, టెలివిజను ప్రక్కనే నిలిచి చూడుడు. ఫోనునకును రానిచో రౌటరు సమీపమున మరల చూడుడు. అచ్చటను రానిచో లోపము తూమున గాని చెరువున గాని యున్నది. రౌటరు నొకమారు ఆపి వేసి చూచి, అప్పటికిని రానిచో ఇంటర్నెట్టు నిచ్చు సంస్థవారికి తెలుపవలెను. రౌటరుకడ వచ్చి టెలివిజనుకడ రానిచో పిల్లకాలువ దూరమైనది. రెండుచోట్లను వచ్చినచో టెలివిజను అమరికలనే చూడవలెను.

ఆ యమరిక సులభము. రిమోటుతో ‘సెట్టింగ్స్’ తెరచి, ‘నెట్‌వర్క్’ అనుదాని యందు ‘వైఫై’ని ఎంచినచో చుట్టుప్రక్కల పేర్లు కనబడును. మీ రౌటరు పేరును ఎంచి, పాస్‌వర్డును పెద్ద చిన్న యక్షరముల భేదముతో సరిగా వ్రాయవలెను. పాస్‌వర్డు మార్చనిచో తరచుగా రౌటరు అడుగుభాగమున నంటించిన చీటిపై నుండును. అంతయు సరిగా నుండియు కార్యక్రమములు తెరచుకొననిచో టెలివిజనులోని తేదీ, సమయము చూడుడు. అవి తప్పియున్నను ఇంటర్నెట్టు సేవలు పలుకవు. కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటరు మేలుకొనుటకు కొన్ని నిమిషములు పట్టును. అంతలో తొందరపడి అమరికలన్నియు చెరపరాదు.

పేర్లలో కొన్ని రెండేసి కనబడుట గలదు; ఒకదాని చివర ‘5జి’ అని యుండును. ఇది మొబైల్ కంపెనీల 5జి కాదు. 5 గిగాహెర్ట్జుల తరంగములకు గుర్తు. రెండవది 2.4 గిగాహెర్ట్జులది. 2.4 వారి తరంగము పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. 5 వారిది అందు సగము. పొడవైన తరంగము గోడలను దాటి దూరము పోవును, వేగము తక్కువ. పొట్టితరంగము వేగమైనది గాని గోడలకు త్వరగా లొంగును. చవుకరకపు టెలివిజనులు కొన్ని 2.4ను మాత్రమే గ్రహించును. మందపుగోడల యిండ్లలో 2.4యే మేలు. ఇనుపబీరువా, రేకులు, నీటిడ్రమ్ము తరంగములకు శత్రువులు. రౌటరును ఎత్తైన చోట, ఇంటినడుమ, మరుగు లేకుండ నుంచవలెను. టెలివిజను రౌటరునకు సమీపముననే యున్నచో తీగతో గలుపుట అన్నిటికంటె నిశ్చయమైన మార్గము.

రౌటరు లేనివారు ఫోనునుండియే హాట్‌స్పాట్ ఇచ్చి టెలివిజనును నడుపుచున్నారు. అందు దోషము లేదు గాని లెక్క తెలియవలెను. సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున వచ్చు స్పష్టమైన చిత్రము గంటకు సుమారు 2.25 జీబీని త్రాగివేయును. దినమునకు 2 జీబీ గల ఫోను గంటలోపుననే యెండిపోవును. చిత్రపు నాణ్యతను తగ్గించినచో వ్యయము చాల తగ్గును.

ఇంటింటికి తీగ చేర్చు ప్రయత్నములును జరుగుచున్నవి. ఆంధ్రప్రదేశమున ఫైబర్‌నెట్ పథకమును 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించిరి. ఆదిలో దాని రుసుము నెలకు 149 రూపాయలు. మన తెలంగాణమున 2024 డిసెంబరులో టీ-ఫైబర్ సేవలు ప్రయోగాత్మకముగా హాజిపల్లి, మద్దూరు, సంగుపేట, అడవి శ్రీరాంపూర్ గ్రామములలో ఆరంభింపబడినవి. ఇంటి టెలివిజనునే కంప్యూటరుగా వాడుకొనుట అందలి యొక యుద్దేశము. అదే సంవత్సరము మార్చిలో రైతువేదికలలో దృశ్యమాధ్యమము ద్వారా శాస్త్రజ్ఞులు రైతులతో మాటాడు ‘రైతునేస్తము’ మొదలైనది. తీగ వచ్చుట ప్రభుత్వముల పని. వచ్చిన తీగను మడికి మళ్లించుకొనుట మన పని.

ఇక నాక్షేపణలు. పిల్లలు చెడిపోవుదురను భయము నిరాధారము కాదు. ఒక కార్యక్రమము ముగియగనే మరియొకటి తనంత తానే వచ్చుచుండును. ఆ స్వయంచలనమును అమరికలలో నాపవచ్చును, పిల్లలు చూడదగని వానికి తాళసంఖ్య పెట్టవచ్చును. కాని ఫోనును పట్టుకొని మూలగదిలో నొంటిగా కూర్చుండు పిల్లవానికంటె, నలుగురిలో టెలివిజను చూచు పిల్లవాడు మన కంటిముందుండునని మా నమ్మకము.

రెండవ భయము ఇంటిగుట్టు. ఇదియు నిజమే. 2017 ఫిబ్రవరిలో అమెరికాలోని విజియో యను టెలివిజను సంస్థ, అనుమతి లేకయే ఇంటివారు చూచువాని వివరములను సేకరించెనను అభియోగమును పరిష్కరించుకొనుటకై 22 లక్షల డాలర్లు చెల్లించుట కొప్పుకొనెను. కావున మొదట తెరపై వచ్చు ప్రశ్నలన్నిటికి చదువకుండ ‘సరే’ యని నొక్కరాదు. టెలివిజనును వైఫైకి గలుపుటకు ఆధార్ సంఖ్య గాని, బ్యాంకు వివరములు గాని, ఫోనునకు వచ్చు ఓటీపీ గాని ఎంతమాత్రము నక్కరలేదు. అడిగినవాడు మోసగాడని యెరుగుడు.

పాస్‌వర్డును ఊరంతకు పంచుటయు మంచిది కాదు. పొరుగువానికి నీరు పెట్టుట మన ధర్మమే; కాని తూము తాళపుచెవిని చేతబెట్టుట వేరు. మీ పేరిటి కనెక్షనుపై నెవడైన చెడుపని చేసినచో మొదటి విచారణ మీ గుమ్మమునకే వచ్చును. అనేక రౌటర్లలో అతిథులకు వేరు పేరును, వేరు పాస్‌వర్డును పెట్టు వీలు గలదు, దానిని వాడుడు.

మూడవది, మాకు మిక్కిలి ముఖ్యమైనది. ఆ యిల్లాలే పాఠము ముగిసిన పిమ్మట నిట్లడిగెను: “ఆయన చేను రేగడి, మాది చెలక. ఆయన లెక్క మాకు సాగుతదా?” ఇంతకంటె మంచి ప్రశ్నను మేము శిక్షణశిబిరములలోనైన వినలేదు. పురుగు రెండు నేలలందు నొకటియే. ఎరువుమోతాదు, నీటితడి, విత్తనరకము ఒకటి కావు. తెరపై మాటాడువాడు శాస్త్రజ్ఞుడా, మందుల వర్తకుడా యనియు చూడవలెను. విశ్వవిద్యాలయము, పరిశోధనాస్థానము, కృషివిజ్ఞానకేంద్రము పేరిట వచ్చినదానిని మొదట నమ్ముడు. తక్కినదానిని మీ వ్యవసాయ విస్తరణాధికారి నడిగి యాచరింపుడు.

మన సంఘమునకు మా మనవి మూడు మాటలు. సంఘభవనమున నొక టెలివిజనును తీగతో గలిపి, సభ్యులు, ముఖ్యముగా స్త్రీలు, వారమున కొకనాటి సాయంకాలము చూచునట్లు చేయవలెను. ఊరికి నిద్దరు యువజనులు, అందొకరు బాలిక, ఈ యమరికలను నేర్చి పిలిచిన యింటికి బోవలెను. చూచిన పాఠమేది, ఎవరి చేనిలో, ఏ నేలలో నాచరించిరి, ఫలిత మెట్లుండెనను దాని నొక పుస్తకమున వ్రాసి యుంచవలెను. ఆ పుస్తకము కొన్నియేండ్లకు మన ప్రాంతపు సొంతపాఠ మగును.

వచ్చు వానాకాలము పత్తి పూతకు వచ్చులోపల మీ నడిమింటి టెలివిజనును కలిపి యుంచుడు. మీకు కలియనిచో మాకు కబురంపుడు. ఈ మారు దుకాణమునకు గొనిపొమ్మని చెప్పుటకు ముందు రౌటరు ఎచ్చటనున్నదో చూచెదము.