చర్నాకోల పక్కన పెట్టి కాడి కట్టండి

మహాశివరాత్రికి మేళ్లచెరువు శంభులింగేశ్వరస్వామి జాతర చూడనివాళ్లు మీలో తక్కువే ఉంటారు. కోదాడ నుంచి ఆటోల్లో వేలాడుతూ పోతారు. మొక్కు తీర్చుకొని నేరుగా ఎడ్ల పందేల బరి దగ్గరికి చేరతారు. ఒంగోలు జతలు బండను లాక్కుపోతుంటే తాడుకు ఇవతల నిలబడి ఈలలు వేస్తారు, వీడియోలు తీస్తారు, స్టేటస్‌లు పెడతారు. తెల్లారి ఇంటికొస్తారు. మళ్లీ శివరాత్రికీ ఇదేనా? పందెం జరిగేది మీ గడ్డ మీద. పగ్గాలు మాత్రం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ల చేతుల్లో ఉంటున్నాయి. మీరు తాడు దాటి లోపలికి రండి. అదీ లక్షలు పోసి కొన్న జతతో కాదు. పాలపళ్ల వయసులో తెచ్చి, మీరే కాడి మరిపిన, అంటే కాడికి అలవాటు చేసిన కోడెలతో రండి.

గుర్రపుస్వారీ నేర్చుకోవాలని ముచ్చటపడేవాళ్లూ మీలో ఉన్నారు. ముచ్చట మంచిదే. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో బెంగళూరు యువకుడు ఫవాద్ మీర్జా రెండు రజతాలు గెలిచాడు. 2023 సెప్టెంబరులో హాంగ్‌జౌలో మన డ్రెస్సాజ్ (గుర్రాన్ని సైగలతో లయగా నడిపించే పోటీ) జట్టు బంగారు పతకం కొట్టింది. గుర్రపుస్వారీలో దేశానికి 41 ఏళ్ల తరువాత వచ్చిన బంగారం అది. కానీ ఆ పిల్లలు దాని కోసం యూరప్‌లో ఏళ్లకేళ్లు ఉండి సాధన చేశారు. సూర్యాపేటలో గుర్రం కనపడేది పెళ్లి బరాత్‌లోనే. మన వైపు గుర్రమెక్కి తిరిగింది ఒకప్పుడు దొరలూ అమీన్లూను. ఎద్దు అట్లా కాదు. దాన్ని కడిగింది, మేపింది, దాని వెనక నడిచింది మన తాతలే. పిల్ల జంతువును దగ్గరుండి పెంచి పోటీకి నిలబెట్టే విద్య కావాలంటే మీకది మీ ఊళ్లోనే దొరుకుతుంది, ఇంకా దొరుకుతున్నంత వరకు.

ఎందుకిట్లా అంటున్నానంటే, ఆ విద్య తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు వరి మడులయ్యాయి. వరి వెంట రైసుమిల్లులొచ్చాయి, ట్రాక్టర్లొచ్చాయి, ఆ వెనక కోత మిషన్లొచ్చాయి. నీళ్లొచ్చినందుకు ఎవరూ బాధపడనక్కర్లేదు. కాకపోతే దున్నడానికి అక్కర్లేని ఎద్దు ఇంటి ముందు నుంచి మాయమైంది. మిగిలింది పందెపు జతలే. వాటిని కొన్నవాడొకడు, మేపేవాడొకడు, తోలేవాడు మరొకడు. కాడి మరపడం తెలిసిన పెద్దాయన ఒక్కడైనా మీ ఊళ్లో ఉంటాడు, అరుగు మీద ఖాళీగా కూర్చుని. ఆయన పోయేలోగా ఆయన దగ్గర కూర్చోండి.

మన ఎద్దుల జాతిని ప్రపంచం ఎక్కడికి తీసుకుపోయిందో కూడా తెలుసుకోండి. ఒంగోలు పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరాయి. అక్కడ వాటిని నెల్లూరు పేరుతో నెలోర్ అంటారు. 2023లో అక్కడి వేలంలో వయాటినా-19 అనే ఆవుకు కట్టిన విలువ మన లెక్కలో ముప్పై కోట్ల రూపాయలు దాటింది, గిన్నిస్ పుస్తకంలోకీ ఎక్కింది. మన దగ్గర అదే రక్తం ఉన్న కోడెదూడ కబేళా లారీ ఎక్కుతోంది. రోషం రావాలా వద్దా?

ఇక పని సంగతి. ముందు జత కుదరాలి. ఒక్క దూడ ఎంత అందంగా ఉన్నా లాభం లేదు. రెండింటి ఎత్తు, అంగ, తీరు కలవాలి. ఒకటి ఉడుకుది, ఒకటి మందకొడిది అయితే ఉడుకుదే బరువంతా మోసి నలిగిపోతుంది. ఛాతీ వెడల్పు, గిట్టల గట్టిదనం, నడిచేటప్పుడు వెనక కాలు ముందు కాలి ముద్రలో పడుతోందా లేదా చూడండి. కొమ్ములకు రంగులు వేసి తెచ్చిన దూడని చూసి మోసపోవద్దు. ఏది దాపట, ఏది ఎలపట అన్నది మొదట్లోనే తేల్చుకోండి. ఒక పక్కకు అలవాటు పడ్డ ఎద్దుని మరో పక్కన కడితే అది తికమకపడుతుంది.

తెచ్చిన వెంటనే కాడి జోలికి పోవద్దు. మొదటి నెలలు చేతి పని. రోజూ తోమడం, గిట్టలెత్తి చూడడం, చెవులు నిమరడం, పేరు పెట్టి పిలిచి దాణా పెట్టడం. మీ గొంతు వింటే తల తిప్పి చూడాలి. అప్పుడు పగ్గం వేసి నడిపించండి. రోడ్డు మీద లారీ హారన్ కొట్టినా, పక్కన డప్పు మోగినా బెదరకుండా ఉండడం కూడా పాఠమే. జాతరలో మైకుల మోతకు ఠారెత్తిపోయిన కోడెకు ఎంత బలమున్నా ఏం లాభం? తరువాత వట్టి కాడి. వీలుంటే పక్కన ఒక ముసలి ఎద్దుని కట్టండి. మీరు నెలలో చెప్పలేనిది అది వారంలో నేర్పుతుంది. వట్టి కాడి నడక కుదిరాక చిన్న దుంగ, ఆ తరువాత ఖాళీ బండి, ఆ తరువాత కొద్దికొద్దిగా బరువు. బరువు పెంచిన మర్నాడు విశ్రాంతి. చాలించేటప్పుడు అది తేలిగ్గా లాగగలిగిన బరువుతోనే చాలించండి. ఓడిపోయి కొట్టానికి వెళ్లిన కోడెకు మర్నాడు కాడి చూస్తేనే భయం.

పందేల్లో పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు పెట్టారంటే ఊరికే పెట్టలేదు. రెండు పళ్లు వేసేది రెండేళ్లు దాటాక. ఎనిమిది పళ్లూ నిండేసరికి ఐదేళ్లు కావస్తుంది. అంతదాకా ఎముక ముదరదు. లేత కీళ్లకు క్వింటాళ్ల బండ కట్టి ఒక కప్పు గెలవొచ్చు, ఆ జత మాత్రం మరి పైకి రాదు. ఈ తొందరే మన పందేలకు పట్టిన చీడ.

మేపు గురించి ఒక మాట. బలం రావాలని గింజ దాణా ఒక్కసారిగా కుమ్మరిస్తారు. నెమరువేసే పశువు పొట్ట దానికి తట్టుకోదు. లోపల పులిసి, ఆమ్లం పెరిగి, పశువు పడిపోతుంది. ఉడకబెట్టిన ఉలవలైనా, పత్తి చెక్కైనా రోజు రోజుకీ పిడికెడు చొప్పున పెంచండి. కడుపు నిండేది గడ్డితోనే నిండాలి. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి, గొంతువాపు టీకా వానలకు ముందు. పశువుల డాక్టరు దగ్గర సిగ్గుపడకుండా అడగండి. ఈతకు చెరువు మంచిది. సాగర్ కాలువలో మాత్రం దింపొద్దు, ఆ వడి మనుషులనే ఈడ్చుకుపోయింది. ఎండ ముదిరాక సాధన వద్దు. నురగ కారుతున్నా, నాలుక బయటపడ్డా అక్కడితో ఆపండి.

ఇప్పుడు చర్నాకోల. మీలో కొందరికి ఇది రుచించదు, అయినా చెప్తాను. తోకలు మెలిపెట్టి, ముల్లుకర్రతో పొడిచి, వాతలు తేలేదాకా కొట్టి గెలిచిన జతకు దండ వేయడం నాకు సిగ్గుగా ఉంటుంది. గ్రీకు సైనికుడు జెనోఫోన్ దాదాపు 2,400 ఏళ్ల కిందట గుర్రపుస్వారీ మీద పుస్తకం రాశాడు. కోపంతో గుర్రం దగ్గరికి పోవద్దనీ, బలవంతంగా చేయించిన పనిలో గుర్రానికి అర్థమయ్యేదేమీ ఉండదనీ అందులో చెప్పాడు. ఇప్పటి డ్రెస్సాజ్ పోటీల్లో గుర్రం ఒంటి మీద తాజా రక్తం కనపడితే రౌతును పోటీ నుంచే తప్పిస్తారు. మన చట్టమూ మూగదేమీ కాదు. 1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టం 11వ సెక్షన్ పశువును కొట్టడాన్నీ, మితిమీరి తోలడాన్నీ, మోయలేని బరువు కట్టడాన్నీ నేరమంటుంది. 2014 మేలో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందేలను ఆపేసింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలు మార్చుకున్నాకే 2023 మేలో వాటికి ఒప్పుకుంది. పందెం బతకాలని మీకు నిజంగా ఉంటే కోర్టును తిట్టడం మాని కర్ర కింద పడేయండి. పందెం పెట్టే కమిటీని నిలదీయండి: రక్తం కనపడితే జతను తప్పిస్తారా లేదా? యువకులు యాభై మంది కలిసి అడిగితే కాదనే కమిటీ ఉండదు.

కర్ర లేకుండా ఎద్దు లాగుతుందా అని నవ్వేవాళ్లుంటారు. అమెరికాలో న్యూ ఇంగ్లాండ్ రాష్ట్రాల సంతల్లో ఫోర్ హెచ్ అనే యువజన సంఘాల బడిపిల్లలు తామే పెంచిన కోడెలను కాడి కట్టి పోటీలకు తెస్తారు. కుడికి జీ, ఎడమకు హా, ఆగమంటే వో. నోటి మాటతో మలుపులు తిప్పుతారు. అందులో ఆడపిల్లలూ ఉంటారు. మన చెల్లెళ్లు మాత్రం పేడ తీయడానికి పనికొస్తారు, బరిలో పగ్గం పట్టడానికి పనికిరారా? గడ్డి వేసే చేతినే కోడె ముందు గుర్తుపడుతుంది. ఆ చేయి మన ఇళ్లలో ఎవరిదో చెప్పనక్కర్లేదు.

డబ్బు ఎక్కడిదంటారు. పేరు మోసిన జత లక్షల్లో పలుకుతుంది, నిజమే. పాలు మానిన దూడలకు అంత ఉండదు. నలుగురు కలిసి ఒక జత పెంచండి. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు వంతు వేసుకుంటే కాలేజీకీ ఉద్యోగానికీ అడ్డు రాదు. అప్పు చేసి మాత్రం తేవద్దు. బెట్టింగు కాసేవాడిని మీ కొట్టం దరిదాపులకు రానివ్వద్దు. వాడి డబ్బు అంటుకున్న రోజు నుంచి మీ కోడె మీది కాదు. మేపు ఖర్చంటారా, వరి కోత అయ్యాక పొలాల్లో గడ్డికి నిప్పు పెడుతున్నారు కదా, ఆ గడ్డే మోపులు కట్టి తెచ్చుకోండి.

వచ్చే శివరాత్రికి మేళ్లచెరువు పోయినప్పుడు ముందు బరి దగ్గరికి పోవద్దు. తెల్లవారుజామున జతలను కట్టేసిన చోటికి పోండి. మోకాళ్లు, మెడ మీద కాడి రాపిడి, తోక ఎముక చూడండి. ఎవరి ఎద్దు మనిషి దగ్గరికి వస్తే బెదరకుండా మూతి చాస్తుందో వాళ్లను పట్టుకొని అడగండి: దూడప్పుడు ఎట్లా మరిపావన్నా, ఏం పెట్టావు, ఎప్పుడు బరువు కట్టావు? చెప్పేదాకా వదలొద్దు. ఆ వేసవిలోనే దూడలను చూసుకోండి. రెండేళ్లకో మూడేళ్లకో రెండు పళ్ల విభాగంలో మీ ఊరి పేరు, మీ పేరు రాయించండి. ఆఖరి స్థానం వస్తే రానీయండి. ఒక్క దెబ్బ తినకుండా మీ జత బండ లాగిందని మైకులో చెప్పించుకొని, నాలుగు పళ్ల విభాగానికి తయారుకండి.