ఛాయాచిత్రములోని విమానము పేరేమి?

మన బెంగుళూరు విమానములకు పుట్టినిల్లు. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ ఇచ్చట హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారమును స్థాపించెను. నాటినుండి పలువురు తెలుగువారు అందు పనిచేసిరి. వారి యిండ్ల పెట్టెలలో విమానముల ప్రక్కన నిలిచి తీయించుకొన్న పాత ఛాయాచిత్రములు నేటికిని గలవు. పెక్కింటి వెనుక ఒక్క అక్షరమైనను లేదు.

“తాతగారి ముఖము కనబడుచున్నది, విమానమేదైన నేమి?” అని కొంద రందురు. మే మొప్పుకొనము. ముఖము ఎవరో చెప్పును. విమానము ఎప్పుడో చెప్పును. ఆకాశమున కిరణ్ శిక్షణవిమాన మెగురుచున్నచో ఆ చిత్రము 1964 సెప్టెంబరునకు పూర్వపుది కానేరదు; దాని తొలి ప్రయాణ మప్పుడే జరిగినది.

అయితే తొందరపడి తప్పు పేరు పెట్టుటకంటె పెట్టకుండుటయే మేలు. ఇచ్చటనే కుర్ట్ టాంక్ నాయకత్వమున రూపొంది, 1961 జూన్ 17న తొలిసారి ఎగిరిన మరుత్ యుద్ధవిమానమును చూచి, ఆంగ్లదేశపు హంటరని పొరబడుట సులభము. రెండింటి రెక్కలును వెనుకకు వాలియుండును. కాని గాలి పీల్చు ద్వారములు హంటరునకు రెక్కల మొదటనే యుండును. మరుత్‌నకు రెక్కలకు ముందు, మొండెమున కిరుప్రక్కల నుండును. తోకవైపు హంటరునకు ఇంజను గొట్టమొకటి, మరుత్‌నకు రెండు. నాట్, అజీత్ విమానములు మరింత దగ్గరి పోలికవి. అచ్చట ఆకారము చాలదు, ప్రక్కన వ్రాసిన సంఖ్యనుకూడ చూడవలెను. ఆ సంఖ్య తలక్రిందులుగాక కుడియెడమలుగా కనబడినచో, చిత్రమే తిరుగబడి అచ్చయినదని గ్రహింపవలెను.

ఈ చూపు మన బాలబాలికలకు క్రొత్తది కాదు. తెలుగు, కన్నడ లిపులు ప్రక్కప్రక్కన నున్నప్పుడు తలకట్టును బట్టియే వారు భేదమును క్షణములో గుర్తింతురు. విమానములకును ఆ చూపే కావలెను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈ కర్మాగారమున పదిమంది కూర్చుండదగిన ఇంజను లేని విమానము నొక్కదానినే నిర్మించిరి. దాని చిత్రము మనలో నెవరి పెట్టెలోనైన నున్నచో, పేరు లేనికారణమున చిత్తుకాగితములలో కలసిపోవుట న్యాయమా?

కావున తల్లిదండ్రులకు మా మనవి: పెద్దలు జీవించియుండగనే అడిగి, చిత్రము వెనుక మెత్తని పెన్సిలుతో వ్యక్తి పేరు, విమానము పేరు, సంవత్సరము తెలుగున వ్రాయుడు. విద్యార్థులారా, 2001లో తెరచిన హెచ్.ఏ.ఎల్. ప్రదర్శనశాలలో మరుత్ మొదలగు విమానములు నిలిపియున్నవి. చిత్రమును చేతబట్టుకొని పోయి సరిచూడుడు. రెండు గుర్తులు కుదిరిన పిమ్మటనే పేరు వ్రాయుడు. కుదరనిచో తెలియదనియే వ్రాయుడు. తెలిసినవా రెవరైన పిదప పూరింతురు.