మెరుగు చూచి మోసపోరాదు

అమెరికా దేశమున పాత కారును ఇంటి షెడ్డులో విప్పి, తీరిక దినములలో తిరిగి నిర్మించుకొను ఔత్సాహికులు కలరు. ఇంజనులోనికి గాలిని అధికముగా నెట్టి బలము పెంచు సూపర్‌చార్జరుపై వారికి మోజు మెండు. 1860లో ఇండియానా రాష్ట్రపు రూట్స్ సోదరులు పేటెంటు పొందిన గాలియంత్రమే దీనికి మూలము. రెండవ ప్రపంచయుద్ధానంతరము అచటి యువకులు జనరల్ మోటార్స్ వారి 6-71 డీజిలు ఇంజనుల బ్లోయర్లను ఊడదీసి తమ పందెపు కార్లకు బిగించిరి. ఆరు సిలిండర్లు, ఒక్కొక్కటి 71 ఘనపుటంగుళములు. ఆ పేరునకు అర్థమదియే.

పాతదానిని కొనుటలో తప్పు లేదు. తళతళలను చూచి కొనుటయే తప్పు. లోపలి జంట రోటర్లు ఒకదానినొకటి గాని, గోడను గాని తాకక, అంగుళములో వేయవ వంతులతో కొలువదగిన ఎడముతో తిరుగవలెను. బేరింగులు అరిగినచో రోటరు గోడను గీరును. అపుడు బాగుసేత ఖర్చు కొన్న వెలను మించవచ్చును. చేతితో తిప్పి చూడనీయని వానితో బేరమేల? బేరింగులు, సీళ్లు మార్చి, రంగు పూసి, పునర్నిర్మితమని అమ్ముట న్యాయము కాదు. రంగు డబ్బా వెల యెంత! ఎడములు కొలిచి కాగితముపై వ్రాసి ఇచ్చినవాడే ఆ మాట వాడదగును. ఆ కాగితము లేనిచో, దానిని విప్పని పాత సరుకుగానే యెంచి, ఆ వెలయే ఈయవలెను.